కొండ మీద నేనన్న మాట

ఒక మనిషి ప్రయాణానికి నేను అడ్డుపుల్ల వేశాను. ఆ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. దేవుడికి కూడా చెప్పలేదు. దండం పెట్టుకునేటప్పుడు అది ఎక్కడ మనసులోకి వస్తుందోనని తొందరగా ముగించేసి లేచిపోతాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలనేమో అనిపిస్తోంది.

మాది కడప జిల్లా. ఒమన్‌కు ఇంటిపనికి వచ్చాను. మొదట పని దొరికిన ఇల్లు బర్కాలో. ఆ ఇంటి పెద్దావిడను మామా అని పిలిచేదాన్ని. ఇక్కడ యజమానురాలిని చాలామందిమి అలాగే పిలుస్తాం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అందుకని శుక్రవారం వస్తే చాలు, పొద్దున్నే కారులో రుస్తాక్ ప్రయాణం. అక్కడ భూమిలోంచి వేడినీళ్లు ఊరుతాయి. తాతముత్తాతల నాటినుంచి నొప్పులవాళ్లూ చర్మరోగాలవాళ్లూ వచ్చి స్నానం చేసి వెళ్తున్నారట. ఆడవాళ్ల స్నానాలకు వేరే గదులున్నాయి. మామా కాళ్లు నీళ్లలో పెట్టుకుని కళ్లు మూసుకుంటే, నేను పక్కన కూర్చుని పిక్కలు పిసికేదాన్ని.

ఆమె కూతురు కాపురం రుస్తాక్‌లోనే. ఆ ఇంట్లో పనిచేసే మనిషి సత్యవేణి. ఇది అసలు పేరు కాదు, నేను పెట్టినది. గోదావరి జిల్లా మనిషి. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. వాళ్లూ పిల్లలతో నీళ్ల దగ్గరికి వచ్చేవాళ్లు. తల్లీకూతుళ్లు కబుర్లలో పడితే మేమిద్దరం వేడినీళ్లు పారే కాలువ గట్టున గిన్నెలు తోముకుంటూ తెలుగు మాట్లాడుకునేవాళ్లం. నా యాస విని ఆమె నవ్వేది. ఆమె దీర్ఘాలు విని నేను నవ్వేదాన్ని. మిగతా వారమంతా నా నోట అరబ్బీ ముక్కలే, అవీ పనిమాటలే. ఊడ్చాను, ఉతికాను, వస్తున్నాను. శుక్రవారం నాడు మాత్రం నేను మళ్లీ మనిషినయ్యేదాన్ని.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసినదానికి కారణం ఇదే. కారణం చెబితే తప్పు తగ్గుతుందా? తగ్గదు. అయినా చెబుతున్నాను.

అక్క కూతురికి తొలి కాన్పు దగ్గరపడింది. ఆ పిల్లకు తండ్రి లేడు, అత్తగారు లేదు. అక్క సెలవు అడిగితే, ఒప్పందం పూర్తికాకుండా కాన్పులకు టికెట్టు ఇవ్వనంది ఆమె మేడమ్, అంటే మామా కూతురు. మీ ఊళ్లో ఆసుపత్రులు లేవా అని కూడా అందట. అక్క కొన్నాళ్లు ఏడ్చి ఊరుకుంది అనుకున్నాను. ఒక శుక్రవారం కాలువ దగ్గర ఆమె ముఖం వెలిగిపోతోంది.

“ఒప్పేసుకుందే! మా అమ్మకి సీరియస్‌గా ఉందని చెప్పేను. టికెట్టు తీత్తానంది.”

“మీయమ్మ ఎప్పుడో పాయ అంటివే అక్కా?”

“పోయింది కాబట్టే ధైర్యంగా చెప్పేను. ఉన్నదాని మీద ఒట్టేత్తే తగులుద్ది గానీ, ఇంక ఆవిడకేం అవుద్ది?” అని పకపకా నవ్వింది. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “ఎల్తే మళ్లీ రానే. పిల్లనొదిలి ఇంక రాలేను. నీకొక్కదానికే చెప్తన్నాను.”

“మంచిదే కదక్కా, పో” అన్నాను. అన్నానే గానీ, తోమిన గిన్నెనే మళ్లీ తోముతున్నాను. వచ్చే శుక్రవారాలన్నీ కళ్ల ముందు కదిలాయి. ఈ గట్టు మీద నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నట్టు.

ఆ మధ్యాహ్నం అందరం కొండ మీదికి వెళ్లాం. ఎండిన ఏటిదారిలో రాళ్ల మీద బండ్లు ఎగిరెగిరి పడుతూ పైకి చేరితే అక్కడొక చిన్న పల్లె. మెట్లుమెట్లుగా మళ్లు, వాటి పక్కన ఖర్జూరపు చెట్లు. కింద ఎండ నిప్పులు చెరుగుతున్నా అక్కడ గాలి చల్లగా ఉంది. మామా నడవలేదు కాబట్టి నీడలో చాప పరిచి కూర్చోబెట్టాను. దూరంగా మేడమ్ చిన్నకొడుకును అక్క చంకనెత్తుకుని తిప్పుతోంది.

మామా ఆమెనే చూస్తూ, “పాపం, తల్లి చావుబతుకుల్లో ఉందట. ఇక్కడ కొండతేనె మంచిది. ఒక సీసా కొనిస్తాను, తీసుకెళ్లి తాగించమను” అంది.

అంత మంచి మాట అంటున్న మనిషితో నేను ఏమన్నానో వినండి.

“తల్లి ఎప్పుడో చనిపోయింది మామా. ఆమె వెళితే తిరిగి రాదు.”

మామూలుగా అరబ్బీలో ఒక్క వాక్యం చెప్పాలంటే తడుముకునేదాన్ని. ఆ రోజు ఎక్కడా తడబడలేదు. మామా నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఆ చూపులో మెచ్చుకోలు లేదు.

అంత మంచావిడను మోసం చేస్తుంటే చూడలేక చెప్పానని కొన్నేళ్లపాటు నన్ను నేను నమ్మించుకున్నాను. నోరు జారిందని ఇంకొన్నేళ్లు. రెండూ కాదు. ఆమె ఆగిపోవాలి, నాకు ఉండిపోవాలి. అంతే. కడుపుతో ఉన్న ఆ పిల్ల ఒక్కసారైనా గుర్తొచ్చిందా? వచ్చింది. గుర్తొచ్చాకే అన్నాను.

తర్వాతి శుక్రవారం అక్క కళ్లు వాచిపోయి ఉన్నాయి. టికెట్టు లేదన్నారట. తల్లి ఎప్పుడో పోయిందని ఎవరు చెప్పారో మేడమ్ చెప్పలేదట.

“మా ఇంటి డ్రైవరే. హైదరాబాదోడు కదా, తెలుగొచ్చు. ఫోన్లో మాటాడతంటే వినేసుంటాడు” అంది. అతడి వంశాన్నంతా శాపనార్థాలు పెట్టింది. అతడు అమాయకుడు. మా ఇద్దరికీ దారిలో టీలు కొనిచ్చిన మనిషి. నేను ఊఁ కొట్టాను. ఆమె నా భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే వీపు నిమిరాను కూడా.

కూతురికి కాన్పు కష్టమైంది. బిడ్డ దక్కింది గానీ తల్లి చాలా రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. బిడ్డను పక్కింటామె సాకిందట. ఆ తర్వాత అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ పిల్ల ఒకటే మాట: “రాలేనిదానివి, ఫోనెందుకు?”

శుక్రవారాలు నాకు మిగిలాయి. అక్క మాత్రం మిగల్లేదు. గట్టు మీద పక్కనే కూర్చునేది, గిన్నెలు తోమేది, మాట్లాడేది కాదు. నేనేదైనా అంటే నీళ్లవైపు చూస్తూ “ఊఁ” అనేది. అలా ఒప్పందం నిండేదాకా గడిచింది. వెళ్లేముందు నా రెండు చేతులూ పట్టుకుని, “ఈ దేశంలో నాకున్నది నువ్వొక్కదానివే” అంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

నేనిప్పుడు ఒమన్‌లోనే, రూవిలో ఒక తెలుగువాళ్ల ఇంట్లో పనిచేస్తున్నాను. పొద్దస్తమానం తెలుగే. సెలవురోజు వాళ్లు వేడినీళ్ల దగ్గరికి, కొండల మీదికి పిక్నిక్‌ వెళుతుంటే, కారు పడదని చెప్పి ఇంట్లోనే ఉండిపోతాను.

అక్క అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. కూతురితో మాటలు కలిశాయట, కానీ ముక్తసరిగానేనట. మొన్న చేసినప్పుడు, “అక్కా, నీకొక మాట చెప్పల్ల” అన్నాను.

“చెప్పవే.”

లైన్ కట్టయిందనుకుని హలో హలో అంది. “ఏం లేదులే, నీ మనవరాలు ఏం చదువుతాంది?” అన్నాను. ఆమె సంతోషంగా చెప్పుకుపోయింది.

చెబితే, ఆ రోజుల్లో తనకొక తోడు ఉండేదన్న నమ్మకం కూడా ఆమెకు పోతుంది. అందుకే చెప్పడం లేదా? లేక ఆమె ఫోన్ చేయడం మానేస్తుందని భయమా? మళ్లీ నా కోసమేనా? నాకు జవాబు తెలుసనుకుంటాను.

మొన్న గొంతుదాకా వచ్చి ఆగిన మాట ఇక్కడ రాస్తున్నాను. అక్కా, ఆ డ్రైవర్ ఏ పాపమూ ఎరుగడు. నిన్ను ఆపింది నేను. తెలిసే ఆపాను.