లారీకి పెట్టిన బొట్టు

మా నాటక సమాజం లారీ నడిపిన సాయిబు మామను తలచుకుంటే ముందు ఆయన అరచెయ్యే గుర్తొస్తుంది. పంతొమ్మిది వందల యాభైల్లో మాకు ఇల్లూ వాకిలీ ఆ లారీయే. ప్రతి మిట్ట ఎక్కాక బండి ఆపి, ఒళ్లు వెచ్చబడిన బిడ్డ నుదురు చూసినట్టు బానెట్టు మీద చెయ్యి పెట్టి, "జరం తగ్గినాక పోదామప్పా" అనేవాడు. మేమంతా దిగి పొయ్యి రాజేసుకునేవాళ్లం.

ఒక ఎండాకాలం బేతంచెర్ల దాటగానే రేడియేటరు కారడం మొదలైంది. సాయంత్రం బనగానపల్లెలో మా నాటకం. మామ మా అమ్మ దగ్గరికొచ్చి, "పసుపుండాదా చెల్లీ?" అని అడిగాడు. పిడికెడు పసుపు నీళ్లలో కలిపి పోస్తే చిల్లు పూడుతుందట. నిజంగానే కారడం ఆగింది.

మామ బండి ఎక్కబోతుంటే అమ్మ ఆపింది.

"ఉండన్నా. పసుపిచ్చి బొట్టు పెట్టకుండా ఎట్ల పంపేది?"

బానెట్టు మీద ఇంత కుంకుమ దిద్దింది. మామ నాటకం వేళకు మమ్మల్ని చేర్చాడు.

ఆ తర్వాత రోజూ బానెట్టు తుడుస్తూ, బొట్టు దగ్గరికొచ్చేసరికి గుడ్డ పక్కకు తిప్పేవాడు. అది చెరిగిన రోజు మాత్రం బండి కదిపేవాడు కాదు.

"చెల్లీ, నీ కూతురి మొగం బోసిగా ఉండాది, చూడు."