తలుపు వెనక గీతలు, సున్నాలు

మిర్యాలగూడలో మా పక్కింట్లో ఉండిన పంతులమ్మ పోయిన నెల సూర్యాపేటలో కన్నుమూసింది. ఇప్పుడు మేముంటున్న కోదాడలో బస్సు దిగి వచ్చిన ఒకాయన ఆ మాట చెప్పంగనే నా బిడ్డ పొయ్యి ముందర కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చిన. కానీ అబద్ధమెందుకు, బిడ్డను చూస్తుంటే లోపల సంతోషం పట్టలేకపోయిన. ఇరవై ఎనిమిదేండ్ల నా బిడ్డ బతికి ఉండి ఏడుస్తున్నది! దాన్ని బతికించిందెవరో నలుగురికి చెప్పాలని, నా నాలుగో తరగతి చదువుతోనే ఇది రాస్తున్న.

పన్నెండేండ్లప్పుడు దానికి కడుపునొప్పి, రక్తవిరేచనాలు. పేగుల్లో పుండ్లని దవాఖానలో గోలీలిచ్చిండ్రు. చుట్టాలంతా పత్యం పెట్టమన్నరు. ఉప్పు లేదు, పప్పు లేదు, ఏడాది పొడుగునా ఉత్త గంజి. ఆ కట్టడి చేసింది తండ్రినైన నేనే. పిల్ల ఎముకల గూడయింది. చూడలేక, బలమొస్తదని ఒకనాడు జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టిన. మూడు రోజులు లేవలేదు.

పంతులమ్మ గడప దాటి వచ్చి నిలదీసింది. "అన్నా, రోగం సగం చంపుతుంటే మిగతా సగం నువ్వు చంపుతున్నవా?"

"మా పెద్దలు చెప్పిన పత్యం అమ్మా!" అన్న కోపంగా.

"నొప్పి పెద్దలకు లేస్తున్నదా? పిల్లను అడుగు."

సుద్దముక్క తెచ్చి తలుపు వెనక రాసుడు మొదలుపెట్టింది. కొత్త తిండి ఒకసారికి ఒక్కటే. మూడు రోజులు చూడాలె. ఒంటికి పడితే గీత, నొప్పి లేస్తే సున్నా. మెత్తటన్నం గీత. సొరకాయ గీత. పాలు సున్నా, పెరుగు గీత. జొన్నరొట్టెకు ఇంత పెద్ద సున్నా! రోగం సల్లబడినంక మళ్లీ పెట్టి చూస్తే కొన్ని సున్నాలు చెరిగి గీతలైనయి. కందిపప్పు గీత అయిననాడు వాడకట్టంతా తిరిగి చెప్పిన. నవ్విండ్రు. నవ్వనీ! గోలీలు మాత్రం పంతులమ్మ ఆపనియ్యలేదు. "తిండితో నొప్పి తగ్గుతది, పుండుకు మందే కావాలె" అనేది.

అదే రోగమున్న కొడుకు కోసం ఒకాయన మా తలుపు చూసి రాసుకుంటుంటే ఆపింది. "ఇది ఈ పిల్ల తలుపు. మీ పిల్లగానికి మీ తలుపు మీద రాయాలె."

బిడ్డ పెండ్లి బంతిలో వియ్యపురాలు వెక్కిరించింది. "పెండ్లిపిల్లకు గిన్నెలో పెరుగన్నమా? ఏం రోగమమ్మా?"

పంతులమ్మ బిడ్డ పక్కన కూసొని అదే గిన్నెలో చెయ్యి పెట్టి తిన్నది. "రోగమే వదినా. పెండ్లిచూపులప్పుడే చెప్పినం, దాచలేదు. మీ విస్తరిలో అన్నం సల్లారుతున్నది, తినండి."

పంతులమ్మ పెద్దకర్మకు బిడ్డ మూతగిన్నె పట్టుకొని సూర్యాపేట వచ్చింది. "కర్మనాడు విస్తరిలో తిననంటే తప్పు కాదా?" అన్నడొక పెద్దాయన. నేనే అడ్డం నిలబడ్డ. "ఈ గిన్నె పట్టించింది పోయినామెనే. తప్పయితే ఆమెనడుగు!"

బిడ్డ ఆ మాటలేవీ పట్టించుకోలేదు. ఫొటో ముందర కూసొని మూత తీసింది. పెరుగన్నం ఒక పక్కకు జరిపి, ఇంకొక చెయ్యి పట్టేంత జాగ విడిచి, తినుడు మొదలుపెట్టింది.