ఒక కంటి కాటుక

మెట్రోలో ఎవరైనా తలకు కొబ్బరి నూనె రాసుకుని పక్కన నిలబడితే నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది. ఎదుటివాళ్లు అపార్థం చేసుకునేలోపు మొహం తిప్పుకుంటాను. ఆ వాసనతోపాటు శకుంతల మేడమ్ గొంతు కూడా వినిపిస్తుంది: "రుద్దకు ఫణీ."

మేడమ్‌ది కాకినాడ. నోయిడాలో మేకప్ తుడిచే ద్రావణాలు తయారుచేసే ఒక చిన్న ల్యాబ్ ఆవిడ చేతికింద నడిచేది. కెమికల్ ఇంజినీరింగ్ ముగించి చేరిన నాకు ఆవిడే మొదటి బాస్. భద్రతా పరీక్షలు దాటిన ద్రావణాన్ని ఎవరు కలిపితే వాళ్లే ముందుగా వాడి చూడాలన్నది ఆవిడ నియమం. ఒక శుక్రవారం నీటికి చెదరని కాటుక నా రెండు కళ్లకూ పెట్టిస్తుంటే "నేను మగవాణ్ణి మేడమ్" అన్నాను. "ఆ సంగతి కనురెప్పకు తెలీదులే, కూర్చో" అన్నారు.

నా లెక్కలో శుభ్రతకు మూడు మార్గాలు: ఎక్కువ సబ్బు, ఎక్కువ రాపిడి, లేదా రెండూ. మేడమ్ నవ్వారు. "మన తెలుగువాళ్ల విందులకు కొత్తగా వచ్చినవాణ్ణి చూశావా? ఆంటీలు చుట్టూ చేరతారు. మొహాలు లోపలికి, వీపులు బయటికి. ఎవరూ లాగరు, తొయ్యరు. కబుర్లు చెబుతూ గుంపు భోజనాల వైపు జరిగేసరికి వాడూ అక్కడే ఉంటాడు. ఈ నీళ్లలో అణువులు చేసేదీ అదే. నూనెతో కలిసే కొస లోపలికి, నీటితో కలిసే కొస బయటికి. మధ్యలో కాటుక. దూది ఆనించి వాటికి కాస్త టైమివ్వు. చర్మంతో దెబ్బలాటెందుకు?"

ఆ శుక్రవారం సాయంత్రమే నోయిడా పక్కనున్న ఇందిరాపురంలో నాకు పెళ్లిచూపులు. మావాళ్లు ముందు నన్నొక్కణ్ణే వెళ్లి రమ్మన్నారు. ఫోనులో రెండుసార్లు మాట్లాడిన సుధ నాకు అప్పటికే బాగా నచ్చింది. సొంత విషయాలు ఆఫీసులో చెప్పకూడదని నా నియమం కాబట్టి మేడమ్‌కు చెప్పలేదు. ఆవిడేమో "కుడి కన్ను నీ ద్రావణంతో తుడువు. ఎడమది ముట్టుకోకు, రేపు పాతదానితో తుడిచి పోల్చుదాం" అని వెళ్లిపోయారు. ఆలస్యమవుతోందని కుడి కన్ను గట్టిగా రుద్దాను. ఎడమదాన్ని పద్ధతి ప్రకారం వదిలేశాను.

సుధ వాళ్ల నాన్నగారు కేంద్ర ప్రభుత్వంలో అధికారి. నన్ను చూసి కళ్లజోడు సవరించుకున్నారు. సుధ వాళ్ల నాయనమ్మ ఆగలేదు. "ఒక కన్ను ఎరుపు, ఒక కన్ను నలుపు. అబ్బాయికి ఎప్పుడూ ఇంతేనా, ఇవాళేనా?"

వరుసగా మూడు కారణాలు చెప్పాను. ఒక్కొక్కటీ ముందుదానికన్నా నమ్మలేనట్టుగా ఉంది. చివరికి ఆయన "మీ పై అధికారి నంబరివ్వండి, వెరిఫై చేద్దాం" అన్నారు.

ఆయన చెప్పింది విని స్పీకరులో మేడమ్ నిట్టూర్చారు. "రుద్దాడన్నమాట."

"తాగుడు అలవాటేమైనా..."

"లేదండీ. తొందర ఒక్కటే. ఏవయ్యా, పెళ్లిచూపులని చెప్పి ఏడవొచ్చుగా? పరీక్ష ఇంకోరోజు చేసుకుంటాం. ఏమండీ, ఇంట్లో కొబ్బరి నూనె ఉందా? దూది ముంచి ఆ ఎడమ కంటి మీద ఆనించండి. చెయ్యి మాత్రం పెట్టనివ్వకండి."

హాలు మధ్యలో రెండు కళ్లూ మూసుకుని కూర్చున్నాను. సంబంధం తప్పిపోయినట్టేనని అనుకుంటుంటే నా చెయ్యి దూది వైపు లేచింది.

"హిలియే మత్, కదిలితే కంట్లోకి పోతుంది" అంది సుధ గొంతు. దూది పట్టుకున్నది ఆమే. "రుద్దితే ఏమవుతుందట?"

ఆ క్షణంలో నాకు ఒకటి, రెండు, మూడు అంటూ చెప్పే కారణాలేవీ గుర్తురాలేదు. ఆంటీల గుంపు సంగతి చెప్పాను. సుధ నవ్వింది. "అందులో నన్నూ కలిపాడే" అంది నాయనమ్మ. దూది తీసేసరికి కాటుకంతా దాని మీదికి వచ్చేసింది. నాన్నగారు ఆ దూదిని లైటు కింద పెట్టి, రెండువైపులా తిప్పి చూసి, "కాఫీ తీసుకురండి" అన్నారు.

మేడమ్ రిటైరై కాకినాడ వెళ్లిపోయారు. సుధకు నామీద కోపం వచ్చినప్పుడు ఇప్పటికీ నా దగ్గర మూడు కారణాలు సిద్ధంగా ఉంటాయి. మొదటిది నోటిదాకా వస్తుంది. దాన్ని ఆపి, ఎడమ కన్ను మూసుకుని కూర్చుంటాను. కాసేపయ్యాక తనే అంటుంది:

"ఠీక్ హై, ఇక తెరువు."