ఆఖరి రౌండు ఎడంచేతివాడు

కళ్లజోళ్ల షాపాయన అద్దాలు తుడుస్తూనే ఫోన్లో ఆడుకునే ఆటలో ఓ బేస్‌బాల్ జట్టును నడుపుతాడు. ఆటగాళ్ల ఎంపికలో, ఆఖరి రౌండుదాకా ఎవరూ ముట్టని ఎడంచేతి పిచర్ని, అంటే బంతి విసిరేవాణ్ణి, ఏరి తెచ్చుకుని, నాలుగు సీజన్లు చిన్న జట్టులోనే సానబట్టాడు. "పచ్చికాయ కోస్తే పులుపే కదండీ" అంటాడు అడిగినవాళ్లతో. ఇవాళ వాడికి పెద్ద జట్టులో మొదటి మ్యాచ్. అందుకని ఈయన ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు. ఎదురుగా ఓ పెద్దావిడ గోడమీది అక్షరాల పటంలో రెండో వరస దగ్గరే తడబడుతోంది. అంతలో ఫోన్లో వాడు వరసగా ముగ్గుర్ని ఔట్ చేశాడు. ఈయన కాళ్లు నేలమీద నిలవలేదు.

"సరిగ్గా చదివానా బాబూ?"

"అదరగొట్టేశాడమ్మా. ఇంక దిగులే లేదు, వెళ్లిరండి."

ఆవిడ మురిసిపోతూ లేచి, గుమ్మం పక్కనున్న నిలువుటద్దానికి "వస్తానమ్మా" అని చెప్పి, అది తప్పుకుంటుందేమోనని నిలబడింది.