ఏడాది కొలువు

మాణికేశ్వర్ నగర్ శ్రావణ్ యూనివర్సిటీలో బీమా గణితం చదువుతూ, కోర్సులో భాగంగా ఏడాదిపాటు ఒక బీమా కంపెనీలో జీతానికి పనిచేశాడు. ఆ తర్వాత చివరి సంవత్సరం చదవాలని ఇంట్లో ముందే చెప్పాడు. తండ్రి ఇన్నయ్య మాత్రం కొడుకు మెడలో ఐడీ కార్డు చూసి, తార్నాకలో తన వాచ్‌మన్ పని మానేశాడు.

ఏడాది ముగిసింది.

"రేపటి సంది కాలేజీకి పోవాలె, బాపు."

"కొలువు ఇడిసిపెట్టి బడికి పోతవా? మస్తు తెలివున్నదిరా నీకు."

"ఏడాదికేనని మొదలే చెప్పిన గద."

ఇన్నయ్య పాత పని అడగడానికి తార్నాకకు నడిచాడు. అతడి స్థానంలో అప్పటికే మరొకరున్నారు.

కొడుకు దాచిందేమీ లేదు; తండ్రి ఆశ అన్యాయమైనదీ కాదు. ఇల్లు గడవడానికి శ్రావణ్ తిరిగి కంపెనీకి వెళ్లి పని అడిగితే, డిగ్రీ పూర్తిచేసి రమ్మన్నారు. చివరకు హబ్సిగూడలో మందుల దుకాణంలో పనికి చేరాడు. యూనివర్సిటీలో తరగతులు అతడు లేకుండానే మొదలయ్యాయి.