బి బ్లాకు ట్యాంకులో తగ్గిన 6.2 సెంటీమీటర్లు

2024 ఫిబ్రవరి 19, సోమవారం, ఉదయం పది గంటలు. ఆకాశంలో మబ్బు లేదు. పంపుగది గోడకున్న థర్మామీటరు 27 డిగ్రీలు చూపుతోంది. శామీర్‌పేట నుంచి తుర్కపల్లి వెళ్లే దారిలో ఒక మందుల పరిశోధన సంస్థకు సిబ్బంది నివాసాలు ఉన్నాయి. నాలుగు బ్లాకులు, బ్లాకుకు పన్నెండు ఇళ్లు. వాటి నిర్వహణకు నేను సూపర్‌వైజరును. పదవీ విరమణకు ముందు నేను చేయించిన చివరి వేసవి సన్నాహం అది.

ఏసీల జాలీలు కడిగించడం, కూలర్లకు కొత్త గడ్డి వేయించడం, ట్యాంకులు తోమించడం అందరికీ తెలిసిన పనులే. వాటికన్నా ముందు నేను లీకేజీ పరీక్ష పెట్టేవాణ్ని. ఏప్రిల్‌లో బోరు నీరు తగ్గుతుంది, కూలర్లు తాగే నీరు పెరుగుతుంది. కనబడకుండా పోయే నీటిని ఫిబ్రవరిలోనే పట్టుకోవాలి. పది నుంచి నాలుగు దాకా నీళ్లు వాడవద్దని ముందురోజే ఇంటింటికీ చెబుతాం. ఉద్యోగులు సంస్థ వాహనాల్లో వెళ్లిపోయాక మోటారు ఆపి, సెంటీమీటర్లు గీసిన కర్రను ట్యాంకులో దించి, మొదట ఒకసారి, చివర ఒకసారి మట్టం చూస్తాం.

ఆ రోజు ఎ, సి, డి బ్లాకుల్లో తేడా లేదు. బి బ్లాకు ట్యాంకులో 6.2 సెంటీమీటర్లు తగ్గింది. ట్యాంకు లోపలి పొడవు రెండున్నర మీటర్లు, వెడల్పు రెండు. అంటే ఆరు గంటల్లో 310 లీటర్లు.

ఆ ట్యాంకు నుంచి బ్లాకు దాకా భూమిలో వెళ్లే పైపును అంతకు ముందు అక్టోబరులో అత్వెల్లికి చెందిన ప్లంబరు ఖాజా మార్చారు. ఇళ్లలో ఎవరూ నీళ్లు వాడలేదు కాబట్టి నీరు ఆ పైపు అతుకుల్లోనే పోతోందని తేల్చి, నాలుగున్నరకు నివేదిక రాసి సంతకం చేశాను. ఎస్టేట్ అధికారి వెంటనే రెండు ఆదేశాలిచ్చారు. గురువారం దారిలో పరచిన పేవర్లు, అంటే సిమెంటు రాళ్లు, పీకి తవ్వించాలి. ఖాజాను వేసవి పనుల నుంచి తప్పించాలి. మా దగ్గరి పనే ఆయనకు మూడు నెలల జీవనం. పైగా ఇక్కడ పైపు చెడగొట్టాడన్న పేరు పడితే చుట్టుపక్కల కాలనీల్లో పిలిచేవారుండరు.

మంగళవారం ఉదయం ఖాజా వచ్చారు. గొంతు పెంచలేదు.

"మీ లెక్క తప్పని అంటలేను సార్. నీళ్లు పోయినయ్. గని నా పైపుల నుంచే పోయినయని ఎట్ల రాసిండ్రు? బ్లాకు వాల్వు బంద్ జేసి సూసిండ్రా?"

చూడలేదని ఒప్పుకున్నాను.

"మరి జల్దీ సూద్దాం పాండ్రి. తవ్వినంక పైపు పొడిగున్నదనుకో, గా రాళ్లు మల్ల ఎవలు పరుస్తరు? మీ కర్ర పరుస్తదా?"

భూమిలోని పైపు బ్లాకు గోడ దగ్గర ఒక వాల్వుతో ముగుస్తుంది. దాన్ని మూస్తే ఇళ్లు విడిపోతాయి, ట్యాంకూ పైపూ మాత్రమే మిగులుతాయి. పదింబావుకు మోటారు ఆపి, కర్ర మీద మట్టం గుర్తు పెట్టుకుని వాల్వు మూశాం. పన్నెండుంబావుకు కర్ర దించాను. మట్టం అదే గీత మీద ఉంది. పైపులో లోపం లేదు. నీరు ఇళ్లలోనే పోతోంది.

వాల్వు తెరిచి, కింది అంతస్తు మొదటి ఇంటికి వెళ్లాం. అక్కడ ఒక ల్యాబ్ సహాయకుని తల్లి యాదమ్మ గారు ఉంటారు. వెనక గిన్నెలు తోమే చోట కొత్త కూలర్ గడ్డి కుప్పగా ఉంది. దాని మీద నల్లా నుంచి సన్నని దార పడుతోంది. సోమవారం నీళ్లు వాడవద్దని చెప్పాం కదా అన్నాను.

"ఒక్క చెంబు వాడలే సారూ! బిందెలు నింపుకోని కూసున్న. గిది గడ్డికి పెట్టిన దార. ఆయితారం నుంచి పడుతనే ఉన్నది. మూడు దినాలు నానకపోతె కూలర్ పెట్టంగనే ఇల్లంత కొట్టం వాసనొస్తది." ఆమె ఖాజా వైపు చేయి చూపారు. "గీయననే జెప్పిండు నిరుడు. ఏందన్నా, చెప్పలేదా?"

"చెప్పిన అక్కా," అన్నారు ఖాజా నవ్వాపుకోలేక. "నన్ను నేనే ముంచుకున్న."

ఆదివారం మేడ్చల్ నుంచి ఆటోలో గడ్డి అమ్మకానికి వచ్చిందట. కొన్నది బి బ్లాకులోని ఐదిళ్లవారే. గడ్డి నానబెట్టడాన్ని వారెవరూ వాడకం కింద లెక్కించలేదు. ఐదిళ్లలోనూ లీటరు మగ్గు పెట్టి గడియారం చూశాను. సగటున ఆరు నిమిషాలకు మగ్గు నిండింది. గంటకు పది లీటర్లు. ఐదిళ్లు, ఆరు గంటలు, మొత్తం 300.

ఇంకా పది లీటర్లు తేలలేదు. బుధవారం గడ్డి నల్లాలన్నీ కట్టించి పరీక్ష మళ్లీ పెట్టాను. రెండు మిల్లీమీటర్లు తగ్గింది, అంటే సరిగ్గా ఆ పదే. ఖాజా ప్రతి ఇంట్లో ఫ్లష్ ట్యాంకులో బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు వేశారు. రెండో అంతస్తులో ఒకచోట ఫ్లష్ నొక్కకుండానే నీలం కిందికి దిగింది. వాషరు అరిగింది, మార్చారు. గురువారం మట్టం కదలలేదు. తవ్వకం రద్దయింది. ఖాజా పేరు జాబితాలో నిలిచింది.

పాత నివేదిక చింపి కొత్తది రాయమని అధికారి సూచించారు. నేను చింపలేదు. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, "కారణం పరీక్షించకుండా రాసినది" అని చేర్చి, తేదీ వేసి సంతకం చేశాను. ఖాజా దాన్ని నాతో చదివించుకుని విన్నారు. "సరే సార్, చాయ్ తాగుదాం పాండ్రి" అన్నారు.

మట్టం ఎంత పోయిందో చెబుతుంది. ఎక్కడ పోయిందో చెప్పదు. ఎక్కడో తెలియాలంటే వాల్వు మూయాలి. అది చేయకుండా నేను ఒక మనిషిని దోషిగా రాశాను. లెక్క సరైనదే, నివేదిక తప్పు.

మార్చి 31 నాటికి పని పూర్తయింది. కడిగిన ట్యాంకులు నాలుగు. గడ్డి మార్చిన కూలర్లు ఇరవై ఆరు. శుభ్రం చేసిన ఏసీలు పద్దెనిమిది. మార్చిన వాషర్లు తొమ్మిది. పీకిన పేవర్లు, సున్నా.