ఇంటర్వెల్లో పెళ్లిచూపులు

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో పిల్లను చూడాలంటే పిల్ల ఇంటికే వెళ్లక్కర్లేదు, సినిమా హాలుకు వెళితే సరిపోయేది. ఇంటికెళ్లి చూసి వద్దంటే పిల్లకు పేరు పోతుంది. హాల్లో అయితే ఎవరికీ తెలియదు (అని మేమనుకునేవాళ్లం, హాలంతటికీ తెలిసేది). బెంచీ క్లాసులో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. ఇంటర్వెల్లో లైట్లు వెలగ్గానే కుర్రాడు ఇవతల లేచి నిలబడాలి, పిల్ల అవతల గోడ పక్కనే కూర్చోవాలి. మళ్లీ బెల్లు కొట్టేలోగా ఇద్దరి జీవితాలూ తేలిపోవాలి.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా పెద్దమ్మ మాకవరపాలెం సంబంధం తెచ్చింది. పిల్ల పసుపు ఓణీలో వస్తుందనీ, బేగి చూసెయ్యమనీ వందసార్లు చెప్పింది. ఇస్త్రీ చొక్కా, మొహాన బోలెడు పౌడరుతో వెళ్లి కూర్చున్నాను. తీరా ఇంటర్వెల్‌కు ముందు తెరమీద హీరో తల్లి చచ్చిపోయింది. అక్కడితో నా పని అయిపోయింది. లైట్లు వెలిగేసరికి కళ్లూ ముక్కూ ఏకమై, పౌడరంతా చారలు కట్టింది. ఆ మొహంతో ఎలా లేవను? రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. వేరుశనక్కాయలమ్మేవాడు కూడా ఆగి ఓదార్చి వెళ్లాడు గానీ, నేను మాత్రం గోడవైపు తల తిప్పలేకపోయాను. బెల్లు మోగింది, లైట్లు ఆరిపోయాయి.

దారిలో పెద్దమ్మ, "ఏటిరా, నచ్చిందేటి?" అంది. ఏడుస్తూ కూర్చుని చూడలేదని చెప్పడానికి సిగ్గేసి తల దించుకున్నాను. నచ్చలేదని అర్థం చేసుకుని ఆవిడ వాళ్లకు కబురంపేసింది. ఆ తర్వాత ఏ సంబంధమూ కుదరక ఇలాగే ఒంటికాయ సొంఠికొమ్ములా మిగిలిపోయాను.

హాలుకూ జనం తగ్గారు. మూతపడి, కొన్నాళ్లు జీడిపిక్కల గోడౌనై, ఇప్పుడు ఏసీ ఫంక్షన్ హాలుగా వెలిగిపోతోంది. తెర ఉన్నచోట పెళ్లి స్టేజీ, గోడ ఉన్నచోట ఐస్‌క్రీం బల్ల. మొన్న మా మేనల్లుడి పెళ్లి అక్కడే జరిగింది. పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ చుట్టూ చూసి, ఉన్నట్టుండి ఆ పిల్ల మాటెత్తింది.

"ఆ పిల్లకి నువ్వు నచ్చేవురా. సినిమా సూసి ఏడిసేవోడు పెళ్లాన్ని ఏడిపించడు, ఆడినే సేసుకుంతానందట."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీకు నచ్చనేదు కదా. సెప్పి ఏటి నాబం?"

స్టేజీ మీద తాళి కడుతున్నారు. నా కళ్లు నిండిపోవడం చూసి వీడియో కుర్రాడు లైటు నా మీదకు తిప్పాడు. ఈసారి రుమాలు తియ్యలేదు. ఆ వెలుగులోనే లేచి నిలబడి, ఒకప్పటి గోడవైపు చూశాను. ఐస్‌క్రీం దగ్గర పసుపు చీరలు చాలానే ఉన్నాయి. ఒక్కొక్కరినే పరకాయించి చూస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఎవరిని గుర్తుపట్టాలని, ఆ మొహం నేనెప్పుడూ చూడందే!